ద్వీపాంతరమున తెలుగు పలుకు

ఒక భాష బ్రతుకుట దానిని పలుకువారి సంఖ్యపై ఆధారపడునా, పలుకవలెనను వారి పట్టుదలపై ఆధారపడునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదుకువారు హిందూ మహాసముద్రమున రెండువేల చదరపు కిలోమీటర్ల వైశాల్యమైనను లేని మారిషస్ ద్వీపము వంక చూడవలెను.

1835లో అచట బానిసత్వము రద్దయినది. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చిరి. అంతకు ముందటి సంవత్సరమే భారతదేశమునుండి ఒప్పందపు కూలీలను ఓడలపై చేరవేయుట మొదలైనది. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి మొదలుగాగల తీరపు రేవులనుండి తెలుగువారును తరలిపోయిరి. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవును పాడుపెట్టినను, దాని పేరు సముద్రము దాటి నిలిచినది. అచటి తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. పోర్టు లూయీ రేవున వలసకూలీలు ఎక్కిన రాతిమెట్లు నేటికిని ఉన్నవి. ఆప్రవాసీ ఘాట్ అను ఆ తావును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

వారు మూటగట్టుకొనిపోయిన ఆస్తి యేమి? సింహాద్రి అప్పన్న, అమ్మోరు పండుగ, రామభజన, ఉగాది. తోటలో క్రియోలు, దొరల యింట ఫ్రెంచి, కచేరీలో ఇంగ్లీషు. వీని నడుమ తెలుగు తరతరమునకు వెనుకకు జరిగినది. నేడు అచటి తెలుగువారిలో అత్యధికుల యింటి భాష క్రియోలే. వారి పేర్లు సైతము ఫ్రెంచి వర్ణక్రమమును ధరించినవి. అయినను తాము తెలుగువారమను మాటను వారు విడువలేదు. ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. బడులలో తెలుగునకు చోటు సంపాదించిరి. ఉగాది అచట ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగినవి.

పసిఫిక్ సముద్రమునందలి తాహితీ ద్వీపవాసుల కథ వేరు. వారు కూలికై ఇల్లు విడువలేదు. పరపాలనయే వారి యింటికి వచ్చినది. 1842లో ఫ్రాన్సు రక్షణక్రిందికిని, 1880లో పూర్తిగా దాని యేలుబడిలోనికిని ఆ ద్వీపము పోయినది. అంతకు పూర్వము రాజు పేరులోని పలుకును ప్రజలు ఉచ్చరింపరాదను ఆచారము అచట ఉండెడిది. అందువలన నీటిని 'వై' అనుట మాని 'పపే' అనసాగిరి. రాజధాని పపేతే పేరున ఆ మాట నేటికిని వినవచ్చును. మాటలు మారినంతమాత్రమున ఆ భాష చావలేదు. బడిలో ఫ్రెంచికే పీట వేసి, పిల్లల నోటి పలుకును గడప వెలుపల నిలిపినపుడే దానికి కష్టకాలము దాపురించినది. 1972లో తాహితీ భాషకు అకాడమీ ఏర్పడినది. పిదప ఆ భాష మరల బడిలో అడుగుపెట్టినది.

ఈ రెండు ద్వీపములును చెప్పు పాఠమొక్కటే. ఇల్లు విడిచిన భాషను బడి ఒంటరిగా మోయజాలదు. బడి విడిచిన భాషను ఇల్లు చిరకాలము కాపాడజాలదు.

గుంటూరు సీమలో ఇల్లు ఇంకను తెలుగే మాటలాడుచున్నది. ఇంగ్లీషు రానిచో బిడ్డకు ఉద్యోగము రాదను తల్లిదండ్రుల భయమును తేలికగా కొట్టివేయరాదు. కాని ఇంగ్లీషును, ఫ్రెంచిని నేర్చిన మారిషస్ తెలుగు బిడ్డ తెలుగును గూడ కోరుచున్నాడు. ఒక భాష నేర్చుటకు మరియొక దానిని మరువవలెనను నియమము ఎచటను లేదు.

ఉపాధ్యాయుడు చేయదగిన పని చిన్నది, ఖర్చులేనిది. మిరప కల్లమున తాలుకాయలను ఏరు అవ్వ నోట, పత్తిచేలో గుంటక తోలు తాత నోట వినవచ్చు మాటలను విద్యార్థులచేత వ్రాయించి, తరగతిలో చదివించవచ్చును. ఆ మాటలలో కొన్ని పుస్తకములకు ఎక్కియుండకపోవచ్చును. వందల యోజనముల అవతల కోల్పోయిన పలుకుకై పరితపించువారు ఉండగా, వాకిటనున్న దానిని వినకపోవుట తగదు. ఆ అవ్వ పలుకు బిడ్డ పలకమీదికి రావలెను.