ఆపి చూడని యంత్రం

నడుముకు రెండు ఆపరేషన్లయ్యాక కూడా అరగంట కుదురుగా కూర్చోలేని మనిషికి డాక్టర్లు చివరగా చూపించే దారి ఒకటుంది. వెన్నుపాము దగ్గర సన్నటి తీగలు పెడతారు. పిరుదు పైభాగాన చర్మం కింద చిన్న బ్యాటరీ అమరుస్తారు. ఆ విద్యుత్తుతో నొప్పి అణుగుతుందని ఆశ. ఈ స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్లను హైదరాబాద్ ఆసుపత్రుల్లోనూ పెడుతున్నారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది.

దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉంటుంది కదా. స్పర్శ సంకేతాలు ముందు చేరి నొప్పికి తలుపు మూస్తాయని 1965లో పరిశోధకులు మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. రెండేళ్లకే అమెరికా సర్జన్ నార్మన్ షీలీ తొలి పరికరం అమర్చారు. పాత పద్ధతిలో సెకనుకు 40 నుంచి 60 సార్లు విద్యుత్ పంపితే నొప్పి ఉన్నచోట జివజివలాడుతుంది. సెకనుకు 10 వేల సార్లు పంపే కొత్త పద్ధతిలో ఆ జివజివ ఉండదు. గుత్తులు గుత్తులుగా పంపేది ‘బరస్ట్’. నాడుల స్పందనను కొలుచుకుని, మనిషి దగ్గినా వంగినా మోతాదు తనే సర్దుకునేది ‘క్లోజ్డ్ లూప్’.

ఏది మేలు? 2015లో వెలువడిన అమెరికా పరీక్షలో, మూడు నెలలకు నడుం నొప్పి సగమైనా తగ్గినవారు 10 వేల పద్ధతిలో 84.5 శాతం, పాత పద్ధతిలో 43.8 శాతం. క్లోజ్డ్ లూప్ పరీక్షలో ఏడాదికి నడుం, కాళ్ల నొప్పి సగమైనా తగ్గినవారు 83 శాతం, మోతాదు సర్దుకోని యంత్రంతో 61 శాతం. ఘనమైన అంకెలే. కానీ రెండింటిలోనూ పోటీ యంత్రానికీ యంత్రానికీ మధ్యే. మొదటిదాంట్లోనైతే తమకు ఏది పెట్టారో రోగులకు తెలుసు. పరీక్ష ఖర్చు భరించింది తయారీ కంపెనీయే.

జివజివ ఉన్నన్నాళ్లూ యంత్రాన్ని రహస్యంగా ఆపడం కుదరలేదు. అది పోయాకే అసలు పరీక్షకు వీలు చిక్కింది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 50 మందికి, పాత పద్ధతితో ముందుగా గుణం కనిపించినవారికే, పరికరం అమర్చారు. మూడేసి నెలల చొప్పున రెండు విడతలు బరస్ట్ నడిపారు, రెండు విడతలు ఆపేశారు. ఎప్పుడు ఏదో రోగికి తెలియదు. రోజువారీ పనుల ఇబ్బందిని 100 మార్కులకు కొలిస్తే, నడిచినప్పుడు 10.6 తగ్గింది, ఆపినప్పుడు 9.3. ఆ తేడాకు లెక్కల్లో విలువ లేదు. 2022లో ఇది వెలువడగానే, వాళ్లు వాడిన బరస్ట్ అసలు బరస్ట్ కాదని అభ్యంతరాలొచ్చాయి. అది పట్టించుకోవలసిన వాదనే. అలాంటప్పుడు అసలుదాన్నీ అలాగే ఆపి చూడాలి. మరుసటి ఏడాది 13 పరీక్షలను తరచిచూసిన కాక్రేన్ సంస్థ సమీక్ష, పరిశోధనల్లో తప్ప నడుం నొప్పికి దీన్ని వాడేందుకు ఆధారాలు చాలవని తేల్చింది.

ఆపినప్పటి ఆ 9.3 మార్కుల ఊరట అబద్ధం కాదు. ఆ మనుషులు నిజంగానే కాస్త తేలికపడ్డారు. అయితే వెన్నులో తీగ పెట్టించుకుంటే ఇన్ఫెక్షన్ రావచ్చు, తీగ జరగవచ్చు, మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. ఊరట కోసం ఇంత భారం మోపేటప్పుడు, అది కరెంటు వల్లే వస్తోందని చూపించే బాధ్యత అమర్చేవారిదే.

శాశ్వతంగా అమర్చే ముందు కొన్నాళ్లు తీగలు పెట్టి చూసే పద్ధతి ఎలాగూ ఉంది. జివజివ లేని పరికరమైతే, రోగికి ముందే చెప్పి ఒప్పించి, ఆ రోజుల్లో కొన్నింట ఆపి ఉంచాలి. తేడా తెలిసినవారికే బ్యాటరీ పెట్టాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ యంత్రం పెట్టించుకోమని సలహా ఇస్తే, సంతకం చేసేముందు డాక్టరు గారిని ఈ ఒక్క మాట అడగండి: ‘ఆపి చూస్తారా?’