బొమ్మలే ఊరి జనం!

బడిలో గంట మోగదు. కానీ తరగతి గదిలో పిల్లలు బుద్ధిగా కూర్చుని ఉంటారు. బస్టాపులో నలుగురు బస్సు కోసం ఎదురుచూస్తుంటారు. పలకరిస్తే మాత్రం ఎవరూ పలకరు. వాళ్లంతా పాత కాగితాలూ బట్టలతో చేసిన బొమ్మలు మరి!

జపాన్‌లోని షికోకు దీవిలో, కొండల నడుమ ఉందా ఊరు. పేరు నగోరో. ఒకప్పుడు అక్కడ మూడొందల మంది ఉండేవాళ్లు. కుర్రకారు చదువులకనీ ఉద్యోగాలకనీ నగరాలకు వెళ్లి తిరిగి రాలేదు. చివరికి మిగిలింది ముప్ఫైమంది లోపే. తండ్రిని చూసుకోవడానికి ఒసాకా నుంచి సొంతూరికి వచ్చారు సుకిమి అయానో. చల్లిన విత్తనాలను పిట్టలు తినేస్తుంటే, తండ్రి పోలికలతోనే ఓ దిష్టిబొమ్మ చేసి పొలంలో నిలబెట్టారు. తర్వాత చనిపోయినవాళ్లూ ఊరొదిలినవాళ్లూ ఒక్కొక్కరుగా బొమ్మలయ్యారు. 2012లో చివరి ఇద్దరు పిల్లల చదువూ పూర్తవడంతో బడి మూతపడింది. ఇప్పుడక్కడ పాఠాలు వినేది బొమ్మలే.

ఇది నగోరో ఒక్కదాని కథ కాదు. మాజీ మంత్రి హిరోయా మసుదా సారథ్యంలోని బృందం 2014లో ఓ లెక్క తీసింది. 2040 నాటికి 20-39 ఏళ్ల మహిళల సంఖ్య సగానికి పడిపోయే ఊళ్లూ పట్టణాలూ 896 అని తేల్చింది. 2024లో మరో బృందం 2050 వరకూ లెక్కేస్తే అవి 744. మహిళలనే ఎందుకు లెక్కించారంటే, రేపటి తల్లులు వాళ్లే కాబట్టి.

ఊరొదిలినవాళ్లు నగరంలోనైనా పిల్లాపాపలతో ఉంటే దేశానికి లెక్క సరిపోవాలి కదా? సరిపోవడం లేదు. టోక్యోలో ఇరుకిళ్లు, మోయలేని అద్దెలు, పొద్దుపోయేదాకా ఉద్యోగాలు. దేశంలోకెల్లా సంతానం తక్కువ అక్కడే. 2023లో మహిళకు సగటున ఒక్క బిడ్డ కూడా లేదు, 0.99! పల్లె పోగొట్టుకున్న పిల్లలు పట్నానికీ దక్కలేదన్నమాట.

టోక్యో వదిలి వెళ్లే కుటుంబాలకు పది లక్షల యెన్ల దాకా ఇచ్చే పథకాన్ని 2019లో ప్రభుత్వం మొదలుపెట్టింది. 2023 నుంచి ఒక్కో బిడ్డకీ మరో పది లక్షల దాకా ఇస్తామంది. అయినా టోక్యోకి వలస ఆగలేదు. డబ్బు ఒక్కసారి వస్తుంది. ఉద్యోగం, ఆసుపత్రి, పిల్లల బడి రోజూ కావాలి.

సంక్రాంతి మూడ్రోజులూ కళకళలాడి, ఆ తర్వాత తాళాలు వేలాడే వీధులు మనకూ కొత్త కాదు. ఊళ్లో పనీ బడీ ఉండగానే వాటిని కాపాడుకోవాలి. బడిలో ఇద్దరు పిల్లలు మిగిలేదాకా ఆగితే, ఎన్ని లక్షలిస్తామన్నా వచ్చేవాళ్లుండరు.