రాక్షసుడికి మన రంగెందుకు?

కంప్యూటర్ల మీద పురాణాల బొమ్మలు గీసే కళ ఒకటి నడుస్తోంది. 'డార్క్ ఫాంటసీ' అంటున్నారు. పరికరం కొత్తది, బుద్ధి పాతదే. నల్లటి ఒళ్లు, చప్పిడి ముక్కు, లావు పెదాలు, దున్నపోతు కొమ్ములు - ఇదీ మహిషాసురుడు. ఎదురుగా ఎర్రగా బుర్రగా దేవత. ఎండలో కాలిన మన ఒళ్లు చూస్తేనే వీళ్లకు భయమా?

పురాణాన్ని తిరగేసి చదవడం మనకు కొత్త గాదు. 1873లోనే జోతిరావు ఫూలే 'గులాంగిరి' రాశాడు. బలి మన రైతుల రాజు, వామనుడిది దండయాత్ర అని తేల్చి చెప్పాడు. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసులు నేటికీ ఉన్నారు. ఇనుము కరిగించడం వాళ్ల తాతల విద్య. మహిషాసురుడు తమ పూర్వీకుడంటారు. లోకమంతా దసరా చేసుకుంటే వాళ్ల ఇళ్లల్లో సంతాపం.

మరి బొమ్మలు గీసే మన పిల్లలేం చెయ్యాలి? కోరలకు మెరుగులు పెడితే రాక్షసుడు రాక్షసుడిగానే మిగుల్తాడు. బలి భుజానికి నాగలెత్తండి. మహిషుణ్ణి కొలిమి దగ్గర నిలబెట్టండి. ఆ నలుపులో మీ అమ్మానాయినల మొఖాలు కనపడాలి. మాలపల్లెల్లో, మాదిగవాడల్లో ఫోను పట్టిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇన్నాళ్లూ కుంచె వాళ్ల చేతిలో ఉంది. ఇయ్యాల మీ చేతికొచ్చింది. గీయండి!