ఎర్ర లైటు కింద

డిసెంబరు వచ్చిందంటే ఎడ్మంటన్‌లో పగలు ఏడున్నర గంటలే. నాలుగుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆ చీకటిని తిట్టుకోకుండా వాడుకునే పని ఒకటి రెండు చలికాలాలుగా చేస్తున్నాను. కెమెరా లేని ఫొటోలు! వీటిని ఫొటోగ్రామ్‌లు అంటారు. 1830ల్లోనే ఇంగ్లండ్‌లో టాల్బట్ ఆకుల్ని ఇలా అచ్చు తీశాడు.

బేస్‌మెంట్‌లో కిటికీ లేని లాండ్రీ గది, ఫొటో పనికి వాడే ఎర్ర లైటు చాలు. ఫొటో కాగితం మీద ఏదైనా వస్తువు పెట్టి, తెల్ల లైటు రెండు మూడు సెకన్లు వేసి ఆర్పాలి. డెవలపర్‌లో ముంచితే వెలుతురు తగిలిన చోట వెండి విడిపడి నల్లబడుతుంది. వస్తువు కప్పిన చోటు తెల్లగా మిగులుతుంది. నా బీఎస్సీ కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని మావారు నవ్వుతారు.

బొమ్మ తేలడానికి నిమిషం, నిమిషంన్నర. తొందరపడితే రాదు. ఫోను తెస్తే దాని వెలుతురుకే కాగితం పాడు. ట్రేని మెల్లగా ఊపుతూ ఊపిరి గమనించుకోవడమే. బౌద్ధులు ఆనాపానసతి అనేది ఇదే కదా! జెన్ ప్రభావం ఉన్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ మైనర్ వైట్ (1908-1976) కూడా, ఫొటో చూసేముందు కాసేపు నిశ్చలంగా కూర్చోమని విద్యార్థులకు చెప్పేవాడు.

మన అమరావతి స్తూపం తొలినాళ్ళ శిల్పాల్లో బుద్ధుడి రూపం ఉండదు. పాదముద్రలు, ఖాళీ ఆసనం ఉంటాయి. లేని మనిషిని ఆనవాలుతో చూపించారు.

అమ్మ పోయాక నాకు వచ్చినవి ఆవిడ రెండు గాజులు. వేసుకోలేను, పెట్టెలో దాచలేను. వాటితో రెండు ఫొటోగ్రామ్‌లు తీశాను. నల్లటి కాగితం మీద రెండు తెల్లటి సున్నాలు. ఒకదాన్ని హైపోలో ముంచి నిలిచిపోయేలా చేశాను. అది మా అమ్మాయికి. రెండోదాన్ని హైపోలో వెయ్యకుండా కడిగి ఆరబెట్టి, నల్ల కవర్లో ఉంచాను. వెలుతురులోకి తీసి చూసిన ప్రతిసారీ ఆ తెలుపు కాస్త మసకబారుతుంది. అయినా తీసి చూస్తాను. అనిత్యం అని పుస్తకంలో చదివినప్పుడు ఒప్పుకోని మనసు, ఈ కాగితం ముందు కొద్దికొద్దిగా మెత్తబడుతోంది.

మీరూ చేయాలనుకుంటే గదికి గాలి ఆడేలా చూసుకోండి. వంట గిన్నెలు వాడకండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, సింకులో పారబోయకుండా ఎడ్మంటన్ వాళ్ళు ఎకో స్టేషన్‌లో ఇవ్వండి. మొదటి బొమ్మకి కరివేపాకు రెమ్మ చాలు.