అభిమానానికి పరీక్షా?

మా గేట్ బజార్‌లో మగాళ్ళ మ్యాచ్ ఉందంటే టీవీ ఉన్న ప్రతి కొట్టు ముందూ జనమే. ఆడపిల్ల ఆగి స్కోరెంత అని అడిగితే మాత్రం, "ఎల్బీడబ్ల్యూ అంటే ఏంటో చెప్పు చూద్దాం" అంటారు. మీలో చాలామందికి ఇది అనుభవమే. అబ్బాయిలకు ఈ పరీక్ష ఎవరూ పెట్టరేం?

2025 నవంబరు 2, మహిళల ప్రపంచకప్ ఫైనల్. నవీ ముంబైలో వాన, ఆట ఆలస్యం. తెల్లారితే క్లాసు. అయినా నేనూ మామ్మా ఫోన్ ముందే కూర్చున్నాం. సెంచరీ కొట్టిన వోల్వార్ట్ బంతిని గాల్లోకి లేపింది. అమన్‌జోత్ చేతుల్లోంచి జారింది, మళ్ళీ జారింది, మూడోసారి చిక్కింది! నా అరుపుకి పక్కింటివాళ్ళు లేచారు. 52 పరుగులతో గెలిచేసరికి అర్ధరాత్రి అయింది.

ఆ టోర్నీలో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది. "మన తెలుగు పిల్లేనా?" అని మామ్మ మూడుసార్లు అడిగింది. మామ్మకి ఎల్బీడబ్ల్యూ తెలీదు. ఆమె అభిమాని కాదనగలరా?

మర్నాడు కొట్టు దగ్గర, నన్ను ఎప్పుడూ పరీక్షించే ఆయన్నే అడిగాను, శ్రీచరణి ఏ చేత్తో బౌలింగ్ వేస్తుందని. తెల్లమొహం వేశాడు. నవ్వలేదు నేను. ఎడమచేత్తో అని చెప్పి వచ్చేశా.