మాటకు దారివ్వండి!

'హలో... వినిపిస్తోందా? హలో!' పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో తరచూ వినపడే మాటలివి. డల్లాస్‌లో ఉన్న కూతురు మందు 'పూటకి సగం మాత్రే' అని చెబితే, ఇక్కడ అమ్మకి 'మాత్రే' ఒక్కటే వినపడుతుంది. నవ్వుకుని వదిలేసే విషయం కాదది. 'నెట్ స్లోగా ఉంది' అనుకుని చాలామంది ఇంకాస్త డబ్బు కట్టి పెద్ద ప్లాన్‌కి మారతారు. అయినా కథ మామూలే! ఎందుకంటే చాలా ఇళ్లలో లోపం వేగంలో లేదు, వరసలో ఉంది.

నిజానికి మాట చాలా తేలికైన సరుకు. మన గొంతును ఫోను చిన్నచిన్న ముక్కలుగా చేసి పంపుతుంది. మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకటి, అంటే సెకనుకు 50 ముక్కలన్నమాట. వీటినే ప్యాకెట్లంటారు. ల్యాండ్‌లైన్ కాలం నాటి 'జి.711' పద్ధతిలో పంపినా ఒక్కో వైపుకి సెకనుకు 90 కిలోబిట్లు సరిపోతాయి. ఎంత చిన్న ప్లానైనా ఆ మాత్రం ఇస్తుంది.

కాకపోతే ఒక్కటే షరతు... ముక్కలన్నీ వేళకి చేరాలి. ఫొటోలో ఒక ముక్క తప్పిపోతే మళ్లీ తెప్పించుకోవచ్చు. మాట ముక్క ఆలస్యంగా వస్తే పారేయడమే. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందనీ, 400 దాటితే పనికిరాదనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఎప్పుడో లెక్కకట్టింది. హైదరాబాద్ నుంచి అమెరికా చేరడానికే ఆ 150లో చాలాభాగం ఖర్చయిపోతుంది. ఇక ఇంట్లో వృథా చేయడానికి మిగిలేది చాలా తక్కువ.

ఆ కాస్తా ఎక్కడ పోతోంది?

పెళ్లి వీడియోలన్నీ నాన్న ఫోన్లోంచి ఆన్‌లైన్ ఖాతాలోకి అప్‌లోడ్ అవుతున్నాయనుకోండి. చాలా కనెక్షన్లలో బయటికెళ్లే దారి, లోపలికొచ్చే దారికన్నా సన్నగా ఉంటుంది. అక్కడ రూటరు ప్యాకెట్లన్నిటినీ వచ్చినవి వచ్చినట్టు వరసలో నిలబెడుతుంది. రైల్వే గేటు దగ్గర లారీల వెనక ఇరుక్కున్న సైకిల్లా మాట అక్కడే ఆగిపోతుంది. అప్‌లోడ్ వేగం 1 మెగాబిట్ ఉండి, వరసలో 256 కిలోబైట్ల సరుకు ఉంటే అది ఖాళీ కావడానికే 2 సెకన్లు పడుతుంది! ఈ జబ్బు పేరు 'బఫర్‌బ్లోట్'. అమెరికన్ ఇంజినీరు జిమ్ గెటిస్ 2010, 2011 సంవత్సరాల్లో దీన్ని అందరి దృష్టికీ తెచ్చారు.

మీ ఇంట్లో ఉన్నది ఇదేనా అని తేల్చుకోవడం తేలిక. రూటరుకు దగ్గర్లో కూర్చుని, కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8 చిరునామాకి 'పింగ్' కొట్టండి. నెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద వీడియో అప్‌లోడ్ అవుతున్నప్పుడు ఇంకోసారి. మొదట 20, 30 మిల్లీసెకన్లు చూపించి తర్వాత వందల్లోకి దూకితే వరసలోనే చిక్కుందని అర్థం.

ఏం చేయాలి?

బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొడితే రూటరు పేజీ వస్తుంది. సరైన చిరునామా, పాస్‌వర్డ్ సాధారణంగా రూటరు అడుగున స్టిక్కరు మీదే ఉంటాయి. అందులో 'క్యూఓఎస్' అనే విభాగం వెతకండి. కొన్నింటిలో 'బ్యాండ్‌విడ్త్ కంట్రోల్' అని ఉంటుంది.

* ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు రెండు మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేసి రాసుకోండి. వచ్చిన వేగంలో 85 నుంచి 90 శాతాన్ని మాత్రమే అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులుగా ఇవ్వండి. వేగం తగ్గించుకోవడమేంటి అనిపిస్తుంది. కానీ పూర్తి వేగంతో వదిలితే వరస మన రూటరు దాటి, మన మాట వినని చోట పేరుకుపోతుంది. కాస్త వదులుకుంటేనే పగ్గాలు మన చేతికొస్తాయి.

* కాల్స్ మాట్లాడే ఫోన్ లేదా ట్యాబ్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. 'వాయిస్' అనే రకం కనిపిస్తే దాన్నే పైన పెట్టండి. అన్నిటినీ పైన పెడితే మాత్రం లాభం లేదు. అందరికీ వీఐపీ పాసులిస్తే క్యూ మళ్లీ మొదటికొస్తుంది!

* 'ఎస్‌క్యూఎం', 'ఎఫ్‌క్యూ-కోడెల్', 'కేక్' అన్న పేర్లు కనిపిస్తే అదృష్టమే. కోడెల్ పద్ధతిని 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ వెలువరించారు. దాని ఆధారంగా వచ్చిన ఈ ఏర్పాట్లు అందరికీ వంతులవారీగా దారిస్తాయి. ఏ ఫోను ముందో మీరు చెప్పక్కర్లేదు, వేగం పరిమితి ఇస్తే చాలు.

* వైఫైలో 'డబ్ల్యూఎంఎం' ఆన్‌లో ఉండనివ్వండి. మాటకి గాల్లో కూడా ముందు దారిచ్చేది అదే. వీలైతే 5 గిగాహెర్ట్జ్ వాడండి. 2.4లో పక్కింటి వైఫైలతోపాటు మైక్రోవేవ్ ఓవెన్ కూడా అడ్డొస్తుంది.

రెండు వైపులా మంచి వేగమున్న ఫైబర్ కనెక్షన్ అయితే వరస అంత తేలిగ్గా పేరుకుపోదు. అక్కడ మాట తెగుతుంటే ముందు వైఫైనే అనుమానించండి. రూటరు చిరునామాకే పింగ్ కొట్టినా అంకెలు ఎగిరిపడుతుంటే దోషం ఇంటి గోడల మధ్యే ఉంది. కాల్ మాట్లాడే ఫోన్‌ని రూటరున్న గదిలోకి తెచ్చి చూడండి.

కొన్ని రూటర్లలో క్యూఓఎస్ ఉండదు. అప్పుడు పైసా ఖర్చులేని ఉపాయం... కాల్ మాట్లాడే వేళ ఫొటోల ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేసి, రాత్రి పడుకునే ముందు ఆన్ చేయండి.

ఇదంతా మీ ఇంటి గడప వరకే పనిచేస్తుంది. మీ మాట అవతలివాళ్లకి బాగా వినిపిస్తూ, వాళ్ల మాటే మీకు తెగుతోంటే చిక్కు అవతలి ఇంట్లోనూ ఉండొచ్చు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మాయినీ తన రూటరు ఓసారి చూసుకోమనండి.