ఓడిపోయాక కట్టించిన ఇళ్లు
పడుగు–పేక: నేతగాడు

మా భివండీ నిజాంపురాలో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాళ్ల గదిలో చాప చల్లారదు. పగటి పాళీ వాడు లేచివెళ్లిన చోటే రాత్రి పాళీ వాడు వచ్చి నడుం వాలుస్తాడు. పన్నెండు గంటలు నిలబడి మీటర్ల లెక్కన కూలి తీసుకునే మనిషికి ఈ ఊళ్లో దొరికే ఇల్లు అదే. అందుకే మా పద్మానగర్‌కు ఓట్లడగడానికి ఎవరొచ్చినా, కూలీలకు ఇళ్లు కట్టించిన షోలాపూర్ ఆడం నర్సయ్య నాకు గుర్తొస్తారు.

అక్కడ ఆయన్ని అందరూ ఆడం మాస్తర్ అంటారు. మన పద్మశాలి. సీపీఎం తరఫున 1978, 1995, 2004లో ఎమ్మెల్యే అయ్యారు. గెలుపుల సంగతి ఇంతే చాలు.

షోలాపూర్‌లో బీడీలు చుట్టేది ఎక్కువగా మన తెలుగు ఆడవాళ్లే. ఇరుకు అద్దె గదిలో ఒళ్లో చేట పెట్టుకుని పొద్దంతా చుడితేనే పూట గడిచేది. అలాంటి పదివేల మందిని సహకార సంఘంలో చేర్చి, కుంభారి దగ్గర పదివేల ఇళ్లు కట్టించారు మాస్తర్. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఆ కాలనీకి గోదావరి పరులేకర్ పేరు పెట్టారు. 1945లో వార్లీ ఆదివాసులు వెట్టి మీద తిరగబడినప్పుడు ముందు నిలిచిన మనిషి ఆమె. ఆ పోరాటం జరిగింది అప్పటి మా ఠాణే జిల్లాలో. ఆమె పేరు షోలాపూర్‌లో పదివేల గడపలకు చేరింది, మా సాంచాల దాకా మాత్రం రాలేదు.

2009 నుంచి మాస్తర్‌ను ఓటర్లు మళ్లీ అసెంబ్లీకి పంపలేదు. ఆయన మాత్రం అసంఘటిత కార్మికులకు 30,000 ఇళ్లు కావాలని పట్టుబట్టారు. అదే రే నగర్. 2019 జనవరిలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. ప్రభుత్వాన్ని మెచ్చుకున్నందుకు పార్టీ మాస్తర్‌ను కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. ఈ విషయంలో నేను మాస్తర్ పక్షమే. అద్దె గదుల్లో బతుకు వెళ్లదీసినవాళ్ల ఇంటికి పునాది పడుతుంటే, చెయ్యేసినవాళ్లను మెచ్చుకోవడం సిద్ధాంతం అమ్ముకోవడం కాదు. 2024 జనవరి 19న 15,000 ఇళ్లు అప్పగిస్తూ, చిన్నప్పుడు తనకూ ఇలాంటి ఇల్లుంటే బాగుండేదని చెప్పబోయి ప్రధాని గొంతు పూడుకుపోయింది. ఆ ఇళ్లు దక్కినవాళ్లలో మరమగ్గాల కార్మికులూ ఉన్నారు.

ఇక మా భివండీ సంగతి: 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ కూలింది. అందరూ నిద్రలో ఉన్నారు. దాదాపు నలభై ప్రాణాలు పోయాయి.

షోలాపూర్‌కు డబ్బిచ్చిన ఢిల్లీ, ముంబయి మాకూ ఉన్నాయి. లేనిది ఏళ్ల తరబడి గది గదికీ తిరిగి పేర్లు రాసుకునే మనిషి. ఈసారి మా గల్లీకి దండం పెడుతూ వచ్చేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: సహకార సంఘం సభ్యత్వ పుస్తకం తెచ్చావా, నాయనా?